కప్పమా, కానుకా, సరుకా: నాన్నతో ఈజిప్టు సమాధి బొమ్మల మధ్య వారం రోజులు

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది, బూట్లలో ఇసుక ఇంకా పోలేదు, మర్చిపోకముందే రాసేస్తున్నా. పిరమిడ్ల గురించి చాలామంది రాశారు కాబట్టి అవి వదిలేస్తున్నా. మేం వెళ్ళింది ముఖ్యంగా ఒక్కదాని కోసం. మూడున్నర వేల ఏళ్ళ క్రితం ఈజిప్టు పెద్ద అధికారులు తమ సమాధుల గోడల మీద వేయించుకున్న బొమ్మలు, పరదేశాల వాళ్ళు వరసలు కట్టి సరుకులు మోసుకొస్తున్న బొమ్మలు. నాన్న ముప్పై ఏళ్ళ పైన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. పోయినేడు నా ల్యాప్‌టాప్‌లో ఈ బొమ్మల్లో ఒకటి చూసి "ఇదేంటమ్మాయ్ మన యార్డులా ఉంది, ఇటు చివర పలక పట్టుకుని నిలబడ్డాయన గుమస్తాయేనా?" అన్నారు. అవును నాన్నా అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి దగ్గరగా చూశారు, నేను ఆ రాత్రే డబ్బులు లెక్కేసుకోవడం మొదలుపెట్టాను. అమ్మ మోకాళ్ళ వల్ల రాలేనంది.

ఫిబ్రవరి 9, 10: కైరో

మొదటి రోజు పొద్దున్నే తహ్రీర్ మ్యూజియంలో నేను వెతుక్కుంది ఒక చిన్న రాతి పలక. హత్షెప్సుత్ అనే రాణి (ఆవిడ ఫరో లెక్కే, రాజు వేషంలోనే పాలించింది) క్రీ.పూ. 15వ శతాబ్దంలో, తన ఏలుబడి 9వ ఏట, పుంట్ అనే దేశానికి ఓడలు పంపించింది. ఆ కథంతా లక్సర్‌లో ఆవిడ గుడి గోడల మీద చెక్కించుకుంది. అందులో పుంట్ దొర పారాహు, ఆయన భార్య అతి ఎదురొచ్చి నిలబడ్డ ముక్కని 19వ శతాబ్దంలో ఎవరో గోడలోంచి ఊడదీసుకుపోయారట, తర్వాత దొరికితే మ్యూజియంలో పెట్టారు. ఆవిడ బాగా బరువైన మనిషి, చేతులూ తొడలూ మడతలు మడతలుగా చెక్కారు. మా పక్కన ఒక గైడు ఆ ఒళ్ళు చూపించి తన గుంపుని నవ్విస్తున్నాడు, నాకు నచ్చలేదు. ఎక్కడినుంచో ఓడలేసుకుని వచ్చిన వాళ్ళని మొగుడితో పాటు ముందుకొచ్చి పలకరిస్తున్న ఇంటావిడ కదా అనిపించింది నాకు. నాన్న మాత్రం ఆవిడ మెడలో పెద్ద పెద్ద పూసల దండ చూసి "ఇవి ఎవరు ఎవరికిచ్చినవి?" అని అడిగారు, దానికి జవాబు లక్సర్‌లో చూద్దాం అన్నాను.

మధ్యాహ్నం కొషరీ తిన్నాం. అన్నం, మాకరోనీ, మసూర్ పప్పు, శనగలు అన్నీ ఒకే గిన్నెలో కలిపి పైన టమాటా పులుసు, కరకరలాడే వేయించిన ఉల్లిపాయలు, పక్కన వెల్లుల్లి వెనిగరూ కారం నీళ్ళూ. ప్లేటు 60 పౌండ్లు, అంటే మన లెక్కలో నూటికి కొంచెం పైన (మేం వెళ్ళినప్పుడు పౌండు రూపాయి డెబ్బై పైసల దాకా ఉంది). నాన్న ఆ కారం నీళ్ళు మొత్తం పోసేసుకుంటే కొట్టతను కంగారుపడి మంచినీళ్ళ గ్లాసు తెచ్చాడు, తర్వాత నవ్వి ఇంకో గిన్నె కారం తెచ్చిపెట్టాడు. "హిందీ?" అని అడిగాడు, అక్కడ హిందీ అంటే ఇండియా మనిషి అని. అవునంటే "అమితాబ్ బచ్చన్!" అన్నాడు. తర్వాత వారమంతా ఈ పేరు రోజుకి నాలుగుసార్లైనా విన్నాం.

రెండో రోజు ఫుస్తాత్ దగ్గర కొత్త మ్యూజియంలో రాజుల మమ్మీలు. రెండో రామ్సెస్ ముందు నాన్నని ఆపి ఒక సంగతి చెప్పాను. ఈయన్ని 1976లో పారిస్ తీసుకెళ్ళి పరీక్షిస్తే ముక్కు రంధ్రాల్లో మిరియాలు దొరికాయి. ఈయన పోయింది క్రీ.పూ. 1213లో, మిరియం మన దక్షిణాది పంట. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మెల్లగా "ఎన్ని చేతులు మారుంటుందమ్మా ఆ గింజ" అన్నారు.

ఫిబ్రవరి 11: బెనీ హసన్

మిన్యా ఊరి నుంచి టాక్సీ, పోనూ రానూ వెయిటింగుతో కలిపి 900 పౌండ్లు. ముందు ఒక పోలీసు బండి వచ్చింది, ఈ ప్రాంతంలో విదేశీయులకి అలా తోడు పంపుతారంట. దారికి రెండు పక్కలా చెరకు, గోధుమ, బర్సీమ్ గడ్డి మోసుకెళ్ళే గాడిదలు, కొంచెంసేపు కృష్ణా డెల్టాలో ఉన్నట్టే ఉంది, తర్వాత ఎవరో గీత గీసినట్టు పచ్చదనం ఆగిపోయి కొండ మొదలైంది. మెట్లు చాలానే ఉన్నాయి, నాన్న మూడు చోట్ల కూర్చున్నారు. పైన కాపలా ఉండే పెద్దాయన గలాబియా (కాళ్ళ దాకా ఉండే పొడుగు చొక్కా) సర్దుకుంటూ దిగొచ్చి నాన్న చెయ్యి పట్టుకుని "యా హాగ్" అంటూ తీసుకెళ్ళాడు. హాగ్ అంటే హజ్ చేసొచ్చిన మనిషి, పెద్దవాళ్ళని గౌరవంగా అలాగే పిలుస్తారు. పైకెక్కాక తన స్టూలు నాన్నకిచ్చి తను నేల మీద కూర్చున్నాడు.

మేం చూడాల్సింది రెండో ఖ్నుమ్‌హొతెప్ సమాధి. ఇది మేం తర్వాత లక్సర్‌లో చూడబోయే రెఖ్‌మిరే అనే అధికారి సమాధి కంటే నాలుగు వందల ఏళ్ళకి పైగా పాతది, రెండో సెనుస్రెత్ ఏలుబడి 6వ ఏట, అంటే సుమారు క్రీ.పూ. 1890లో జరిగిన సంగతి ఒకటి గోడ మీద వేశారు. తూర్పు దేశాల నుంచి కొంతమంది కాటుక పట్టుకుని వచ్చారు. అవును, కాటుకే, కళ్ళకి పెట్టుకునే నల్ల పొడి. ఆడామగా అందరూ పెట్టుకునేవాళ్ళు కాబట్టి దానికి అంత గిరాకీ. పుస్తకాల్లో ఉన్నంత మెరుపు గోడ మీద లేదు, రంగులు మాసిపోయాయి, అయినా కళ్ళు అలవాటయ్యాక ఒక్కొక్కరూ బయటికొచ్చారు. ముందు నెఫెర్‌హొతెప్ అనే రాజు గారి లేఖకుడు చేతిలో రాత పలక చాపి పట్టుకుని ఉన్నాడు, దాని మీద ఏ సంవత్సరం, ఎవరొచ్చారు, ఎంతమంది అనేది రాసుంది. వెనకాల వాళ్ళ పెద్ద, ఇబ్షా, వంగి ఒక అడవి మేకని పట్టుకుని, తర్వాత జింకతో ఒకతను, విల్లులూ ఈటెలూ పట్టుకున్న మగాళ్ళు, గాడిద మీద కూర్చున్న పిల్లలు, నలుగురు ఆడవాళ్ళు, ఇంకో గాడిద, నడుస్తూనే తంత్రీ వాద్యం మీటుతున్న ఒకతను. వాళ్ళ బట్టలు చూడాలి అసలు! ఎరుపూ నీలమూ తెలుపూ చారలూ చుక్కలూ మెట్లమెట్ల డిజైన్లూ. ఈజిప్టు వాళ్ళు తెల్లబట్ట కట్టుకునే మనుషులు, ఆ చిత్రకారుడికి ఈ రంగులు ఎంత కొత్తగా అనిపించుంటాయో, ఒక్కో చారా ఓపిగ్గా వేశాడు. ఆడవాళ్ళ కాళ్ళకి చీలమండ దాకా బూట్లు, మగవాళ్ళకి చెప్పులు. అదీ వదల్లేదు.

నాన్న వేలితో గాల్లో లెక్కపెడుతున్నారు. "ఎంతమందని రాశాడమ్మా?" ముప్పై ఏడు అన్నాను. "ఇక్కడ పదిహేనుగురే ఉన్నారు." మళ్ళీ లెక్కపెట్టారు, ఎనిమిది మంది మగాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు, ముగ్గురు పిల్లలు, పదిహేనే. గోడ చాలక మిగతావాళ్ళని వేసుండరు అన్నాను. "చీటీలో పూర్తి లెక్క ఉంది కదా, అయితే సరే" అని తృప్తిపడ్డారు. ఆయన యార్డులో రోజుకి కొన్ని వందల టిక్కీల మిర్చి లెక్క రాసిన మనిషి, శాంపిల్‌కి నాలుగు కాయలు పైన పెట్టినా బస్తాల లెక్క మాత్రం కాగితం మీద తప్పకూడదు అనేది ఆయన పద్ధతి.

దిగేటప్పుడు ఆ పెద్దాయనకి 50 పౌండ్లు ఇచ్చాం. ఇవ్వడానికీ ఒక పద్ధతి ఉంది, నోటు మడిచి అరచేతిలో పెట్టుకుని చెయ్యి కలిపినట్టుగా ఇవ్వాలి, అందరి ముందూ ఊపుతూ ఇస్తే చిన్నబుచ్చినట్టు.

ఫిబ్రవరి 13: లక్సర్, పడమటి గట్టు

పొద్దున్నే పడవ మీద నైలు దాటి హత్షెప్సుత్ గుడికి. నాన్న అడిగిన దానికి జవాబు ఇక్కడుంది. మధ్య అంతస్తులో ఎడమ చేతి వైపు మండపంలో పుంట్ ప్రయాణం, చాలాచోట్ల అరిగిపోయినా ఓపిగ్గా చూస్తే తెలుస్తుంది. స్తంభాల మీద కట్టి నిచ్చెనలేసుకున్న గుండ్రటి ఇళ్ళు, ఓడల కింద నీళ్ళలో చేపలు (ఎర్ర సముద్రం చేపలని గుర్తుపట్టగలిగేంత సరిగ్గా చెక్కారు). పుంట్ దొర ముందు ఈజిప్టు వాళ్ళు చిన్న బల్ల మీద పెట్టినవి: పూసల దండలు, కడియాలు, ఒక గొడ్డలి, ఒక బాకు. బదులుగా ఓడలకి ఎక్కిస్తున్నవి బోళం, నల్ల చేవ కర్ర (ఎబొనీ), ఏనుగు దంతం, కోతులు, చర్మాలు, బుట్టల్లో వేళ్ళతో సహా పెకలించిన 31 బోళం చెట్లు, కావళ్ళ మీద మోసుకొస్తున్నారు. బోళం అంటే మన దగ్గర బాలింతలకి పెట్టేదే. పుంట్ సరిగ్గా ఎక్కడ అనేది ఇంకా వాదన ఉంది కానీ ఎరిత్రియా, ఇథియోపియా, సొమాలియా వైపు అని చాలామంది మాట. తర్వాత గోడ మీద బోళం గుట్టలు పోసి కుంచాలతో కొలుస్తున్నారు, దేవుడు థోత్ అంతటివాడు పక్కన నిలబడి లెక్క రాస్తున్నాడు. నాన్న ఆ కొలిచేవాళ్ళ ముందు ఎంతసేపు నిలబడ్డారంటే రెండు టూరిస్టు గుంపులు వచ్చి వెళ్ళిపోయాయి.

"రాతలో ఇదంతా రాణి గారికి సమర్పించుకున్నట్టు రాశారు నాన్నా" అన్నాను. "రాస్తే రాశార్లే, పూసలూ గొడ్డలీ ఇచ్చారుగా. ఇచ్చి తెచ్చుకున్నదాన్ని కప్పం అనరు."

దీని మీద ఆ రోజంతా మాట్లాడుకున్నాం. ఈజిప్టు రాతల్లో ఈ సరుకులకి వాడే మాట ఇనూ. అర్థం 'తెచ్చినవి', అంతే. దాన్ని మన పుస్తకాల్లో కప్పం అని రాసేస్తాం. గెలిచి లాక్కున్నదీ, స్నేహంగా పంపిందీ, మారకానికి తెచ్చిందీ అన్నీ ఆ ఒక్క మాటలోనే పట్టేస్తాయి, ఎందుకంటే రాజు గారి గోడ మీద ప్రపంచంలో ప్రతీదీ ఆయన కాళ్ళ దగ్గరికే రావాలి.

మధ్యాహ్నం పెద్ద పొరపాటు చేశాను. అధికారుల సమాధులకి ఒకటే టిక్కెట్టు ఉండదు, రెండు మూడు సమాధులకి కలిపి ఒక్కో టిక్కెట్టు, అవన్నీ మెమ్నాన్ విగ్రహాలు దాటాక ఉండే ఆఫీసులోనే కొనాలి, కార్డే తీసుకుంటారు, నగదు తీసుకోరు. నేను రెఖ్‌మిరే, సెన్నెఫెర్ల టిక్కెట్టు బదులు నఖ్త్, మెన్నా ఉన్నది తీసుకున్నాను. ఎండలో కొండ పక్కన అటూ ఇటూ తిరిగి రెఖ్‌మిరే గుమ్మం దాకా వెళ్ళాక కాపలా అతను టిక్కెట్టు చూసి తల అడ్డంగా ఊపాడు. తిరిగి ఆఫీసుకి వెళ్ళే టైము లేదు, నాన్న బాగా అలసిపోయారు, నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయనే "ఉన్న చీటీతో ఉన్నది చూద్దాం పద" అన్నారు.

మెన్నా సమాధి చూశాక ఆ పొరపాటు జరగడమే మంచిదైంది అనుకున్నా. మెన్నా పొలాల లెక్కలు రాసే అధికారి. గోడ నిండా పొలం పనులు, తాడుతో చేను కొలుస్తున్న మనుషులు, నూర్చిన గింజ గుట్టలు పోస్తుంటే కొలిచేవాళ్ళూ రాసేవాళ్ళూ. కింద మూలకి ఇద్దరు ఆడపిల్లలు జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నారు, ఇంకోచోట ఒక పిల్ల చెలికత్తె పాదంలోంచి ముల్లు తీస్తోంది. ముల్లు దిగిన పిల్ల కాలు చాపి ఒళ్ళో పెట్టింది, రెండో పిల్ల దాని మీదకి వంగింది. మొత్తం నా జానెడంత కూడా లేదు ఆ బొమ్మ.

రాత్రి మేం దిగిన ఇంటి వాళ్ళ వంట, మొలోఖియా (జనపనార జాతి ఆకుతో చేసే జిగురు పులుసు, వెల్లుల్లి ధనియాల పోపుతో), ఎండలో పిండి పొంగబెట్టి కాల్చే షంసీ రొట్టె. మనిషికి 150 పౌండ్లు. ఇంటావిడ నాన్న కంచంలో అడక్కుండా రెండోసారి వడ్డించింది, వద్దంటే ఒప్పుకోలేదు, మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నట్టే ఉంది.

ఫిబ్రవరి 14: రెఖ్‌మిరే

ఈసారి సరైన టిక్కెట్టు. షేక్ అబ్ద్ అల్ ఖుర్నా కొండ వాలులో ఒకప్పుడు ఈ సమాధుల మీదే ఇళ్ళు ఉండేవి, 2006 చివర్నించి ఖాళీ చేయించి కూలగొట్టారు, ఇప్పుడు అక్కడక్కడా మొండి గోడలు మిగిలాయి.

రెఖ్‌మిరే మూడో థుత్‌మోస్, రెండో అమెన్‌హొతెప్‌ల కాలంలో వజీరు, అంటే ప్రధానమంత్రి లాంటివాడు. సమాధి టీ అక్షరం ఆకారంలో ఉంటుంది. గుమ్మం దాటగానే అడ్డంగా ఒక హాలు, దాని ఎడమ చేతి వైపు గోడ మీద మేం చూడ్డానికి వచ్చిన బొమ్మ. అయిదు వరసలు. నేను పుస్తకాల్లో కొన్ని వందలసార్లు చూసుంటాను, అయినా ఎదురుగా నిలబడేసరికి గొంతు పట్టేసింది.

పై వరసలో పుంట్ వాళ్ళు. రెండో వరస కెఫ్తియు వాళ్ళు, అంటే క్రీట్ దీవి మనుషులు, నల్లటి పొడుగు జుట్టు మెలికలు తిరిగి భుజాల మీద పడుతూ, చేతుల్లో అందమైన కూజాలు, ఒకతని భుజం మీద నాలుగు మూలలూ సాగదీసినట్టున్న రాగి దిమ్మ. ఈ దిమ్మ నిజంగా ఇలాగే ఉండేది అనడానికి సాక్ష్యం సముద్రంలో దొరికింది. టర్కీ తీరంలో ఊలుబురున్ దగ్గర మునిగిన క్రీ.పూ. 14వ శతాబ్దపు ఓడలో ఇలాంటివే మూడు వందల యాభైకి పైగా బయటపడ్డాయి, మొత్తం పది టన్నుల రాగి, ఒక టన్ను తగరం, ఇంకా నల్ల చేవ కర్రలు, నీలం గాజు దిమ్మలు. దిమ్మ ఒక్కోటి పాతిక కిలోల దాకా ఉంటుంది అని చెప్తే నాన్న "అందుకే చూడు, మెడ అటు వంచాడు, బరువు మెడ పక్కకి తీసుకున్నాడు, మన హమాలీలు అంతే" అన్నారు. అన్నేళ్ళూ చూశాను, ఆ మెడ నేనెప్పుడూ గమనించలేదు.

క్రీట్ అప్పట్లో ఈజిప్టు కింద లేదు. అయినా గోడ మీద వాళ్ళూ వంగి తెస్తున్నారు. ఇంకో విశేషం, వీళ్ళ నడుముల దగ్గర రంగు కింద వేరే రంగు ఉంది. ముందు చిన్న గోచీ లాంటిది వేసి, తర్వాత దాని మీద మోకాళ్ళ దాకా వచ్చే బట్ట వేశారు. ఈలోగా క్రీట్‌లో పెత్తనం గ్రీసు ప్రధాన భూభాగం వాళ్ళ చేతికి పోయి కొత్త వేషంలో మనుషులు రావడం మొదలైంది, అందుకే సరిదిద్దారు అని కొందరి అభిప్రాయం. అదే నిజమైతే ఎంత శ్రద్ధో చూడండి, చీకటి సమాధి గదిలో గోడ మీద కూడా వచ్చినవాళ్ళ పంచె మారితే మార్చారు.

మూడో వరస నూబియా (ఈజిప్టుకి దక్షిణాన ఉన్న దేశం) వాళ్ళు: బంగారు ఉంగరాల గుట్టలు, నిప్పుకోడి గుడ్లు, ఈకలు, నల్ల చేవ మొద్దులు, చిరుతపులి, వేటకుక్కలు, పొడుగు కొమ్ముల పశువులు, జిరాఫీ. జిరాఫీ మెడ మీదకి ఒక చిన్న కోతి పాకుతోంది! నాలుగో వరస సిరియా వాళ్ళు, గడ్డాలు, అంచులు కుట్టిన పొడుగు తెల్ల అంగీలు, రథం, గుర్రాలు, ఒక ఎలుగుబంటి, దంతాలున్న చిన్న ఏనుగు. సిరియాలో అప్పట్లో నిజంగానే ఏనుగులుండేవి, మూడో థుత్‌మోస్ అక్కడ నూట ఇరవై ఏనుగుల్ని వేటాడాడని ఆయన సైనికుడు ఒకడు తన సమాధిలో రాయించుకున్నాడు. ప్రతి వరస ముందూ గుట్టలు పోసిన సరుకు, దాని దగ్గర పలక పట్టుకున్న లేఖకుడు. నాన్న ఒక్కో లేఖకుడి దగ్గరా ఆగారు.

తర్వాత అయిదో వరస దగ్గరికొచ్చారు. అక్కడ సరుకు లేదు. పట్టుకొచ్చిన మనుషులే ఉన్నారు. ఆడవాళ్ళు, పిల్లలు. నూబియా తల్లులు వీపు మీద బుట్ట కట్టుకుని అందులో పిల్లల్ని కూర్చోబెట్టుకుని నడుస్తున్నారు, ఇంకొందరు పిల్లలు చేతులు పట్టుకుని. అదే చిత్రకారుడు, అదే శ్రద్ధ, బుట్ట అల్లిక కూడా కనిపిస్తోంది.

నాన్న అప్పటిదాకా ఇది సరుకు, ఇది మారకం అంటూ వచ్చినవారు ఇక్కడ ఆగిపోయారు. చాలాసేపయ్యాక "వీళ్ళ పేర్లు రాశారా?" అన్నారు. లేదు నాన్నా అన్నాను. "ఏం రాశారు మరి?" తెచ్చినవాళ్ళు అనే లెక్కే, పై వరసల్లో లాగే అన్నాను. ఇంక ఏం అడగలేదు.

లోపల పొడుగు హాలు వెళ్ళేకొద్దీ పైకప్పు పెరిగి పెరిగి చివరికి ఎనిమిది మీటర్ల దాకా ఉంటుంది. గోడల మీద తక్కెడలో బంగారం తూచి కంసాలులకి ఇచ్చేవాళ్ళు, వడ్రంగులు, తోలు పనివాళ్ళు. అక్కడే ఇటుకలు చేసేవాళ్ళు, కొలనులోంచి నీళ్ళు ముంచుతూ మట్టి తొక్కుతూ అచ్చుల్లో పోస్తూ, పక్కన కర్ర పట్టుకుని కూర్చున్న మేస్త్రీ. వీళ్ళు అమున్ దేవుడి గుడి పనులకి రాజు పట్టుకొచ్చిన బందీలు అని పైన రాసుంది. బయటి గోడ మీద బుట్టల్లో పిల్లలతో నడిచొచ్చినవాళ్ళు ఎక్కడికి చేరారో ఇక్కడ తెలుస్తోంది. ఈ రెండు గోడల్ని కలిపి చూడాలని నాకు ఇంతకుముందు తట్టలేదు, కాబట్టి ఎవరైనా వెళ్తే దయచేసి రెండూ చూడండి, జిరాఫీ దగ్గర ఫోటో తీసుకుని వచ్చేయకండి.

సెన్నెఫెర్ సమాధి కిందకి దిగాలి, నాన్న రాలేదు, నేనొక్కదాన్నే వెళ్ళొచ్చాను. ఎగుడుదిగుడు రాతి కప్పు మీదే ద్రాక్ష పందిరి వేశారు, గుత్తులు వేలాడుతున్నట్టే ఉన్నాయి. పైకొచ్చేసరికి నాన్న కాపలా అతనితో కలిసి టీ తాగుతున్నారు, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, నాన్న తెలుగులోనే ఏదో చెప్తున్నారు, అతను అరబిక్‌లో జవాబిస్తున్నాడు.

ఫిబ్రవరి 15: లక్సర్ బజారు

చివరి రోజు ఎక్కడికీ వెళ్ళకుండా పడమటి గట్టు నుంచి తెచ్చుకున్న ఫొటోలు చూసుకుని సాయంత్రం బజారుకి. వారం నుంచి కర్కదే తాగుతున్నాం, ఎర్రటి పుల్లటి షర్బత్తు, అది మన గోంగూర జాతి మొక్కే, కాయ చుట్టూ ఉండే ఎర్ర రెక్కలు ఎండబెట్టి చేస్తారు. ఒక కొట్లో గోనె సంచుల్లో పోసి పెట్టారు. నాన్న చెయ్యి సంచి లోపలిదాకా పోనిచ్చి అడుగు నుంచి గుప్పెడు తీసి చూశారు, వాసన చూశారు, ఒక రెక్క విరిచారు. కొట్టతను మొహం మారిపోయింది, సంతోషంతో. లోపల్నుంచి ఇంకో సంచి తెప్పించాడు, ఇది అస్వాన్‌ది అన్నాడు. మిగతా కొట్లలో మమ్మల్ని చూడగానే రెండింతలు చెప్పారు కానీ ఇతను పావు కిలో 80 పౌండ్లు అని ఒకేసారి చెప్పాడు, నాన్న బేరం ఆడలేదు. కిలో తీసుకున్నాం. కాటా ముల్లు సరిగ్గా నిలబడ్డాక అతను ఇంకో గుప్పెడు పైన వేశాడు. "కొసరు!" అన్నారు నాన్న తెలుగులోనే, అతను ఆ మాట రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

నిన్న అమ్మ ఆ రెక్కలు నానబెట్టి కందిపప్పులో వేసి వండింది. పులుపు గోంగూరంత ఘాటుగా లేదు, వాసన వేరే, కానీ బాగుంది. నాన్న తింటూ తింటూ అమ్మకి బుట్టలో పిల్లల సంగతి చెప్పడం మొదలుపెట్టారు, బుట్ట ఎలా కట్టుకున్నారో చెయ్యి వెనక్కి పెట్టి చూపిస్తూ.